జాజ్ ఆల్బమ్ మిత్రులకు రుచించాలంటే

ప్రశ్న: మాది మిర్యాలగూడ. సూర్యాపేట, కోదాడ మిత్రులకు మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వినిపిస్తే, ఇందులో పాట ఎక్కడుందని అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: సినిమా పాటలో పల్లవి మళ్ళీ మళ్ళీ వచ్చి శ్రోతకు దారి చూపుతుంది, జాజ్‌లో మాత్రం మొదట వినిపించిన బాణీని ఆధారం చేసుకొని వాద్యకారులు ఒకరి తర్వాత ఒకరు అప్పటికప్పుడు కల్పన చేస్తారు కనుక, కచేరీలోని మనోధర్మం వంటి ఈ పద్ధతి తెలియనివారికి పాట తప్పిపోయినట్లు తోస్తుంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వచ్చిన 1959లోనే వెలువడిన డేవ్ బ్రూబెక్ ఆల్బమ్ ‘టైమ్ అవుట్’ ఆరంభానికి మరింత అనువైనది. అందులో పాల్ డెస్మండ్ కూర్చిన ‘టేక్ ఫైవ్’లో పియానో అయిదు మాత్రలను మూడు, రెండుగా విడదీస్తుంది కాబట్టి, ముందు చేత్తో ‘తకిట తక’ వేయించి, ఆపైన శాక్సఫోన్ బాణీని వినిపించడం మేలు. పూటకు ఒక్క రచన చాలు. తర్వాత ‘కైండ్ ఆఫ్ బ్లూ’కు తిరిగి వచ్చి, అందులోని ‘సో వాట్’లో బేస్ పలికే బాణీకి మిగతా వాద్యాలు బదులివ్వడాన్ని గమనింపజేయాలి. ఎంతకూ లయ నిలవకపోతే దగ్గరలోని మృదంగ గురువును ఆశ్రయించాలి.