గుండెకు ఆరుతడి – సర్ జేమ్స్ బ్లాక్

మా నాన్న చొక్కా జేబులో బీడీకట్ట ఉండే చోట రెండేళ్లుగా ఓ మాత్రల అట్ట ఉంటోంది. దాని వెనక సన్నటి అక్షరాల్లో మెటోప్రొలాల్ అని రాసుంటుంది. కెమిస్ట్రీ చదివే కొడుకుని గనక ఇంట్లో అందరూ ‘ఇదేంటో చెప్పరా’ అని నన్నే అడిగారు. నాకూ తెలీదు. మన సిలబస్‌లో లేదు. లైబ్రరీలో వెతుక్కుంటూ పోతే ఆ మాత్ర వంశానికి మూలపురుషుడు దొరికాడు. ఆయన సంగతే ఈ నాలుగు మాటలు.

జేమ్స్ బ్లాక్ 1924 జూన్ 14న స్కాట్లండులోని అడింగ్‌స్టన్‌లో పుట్టాడు. తండ్రి గనుల ఇంజనీరు. అయిదుగురు కొడుకుల్లో ఈయన నాలుగోవాడు. పదిహేనేళ్లకే స్కాలర్‌షిప్పు మీద సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకుని, 1946లో వైద్య పట్టా పుచ్చుకున్నాడు. పట్టా చేతికొచ్చేసరికి నెత్తిన అప్పుంది. అది తీర్చడానికి సింగపూరు వెళ్లి మూడేళ్లు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పాడు. (ఈ ముక్క చదివాక ఆయన నాకు బాగా దగ్గరివాడైపోయాడు. మా హాస్టల్లో సగంమందిమి ఈ బాపతే.) 1950లో తిరిగొచ్చి గ్లాస్గో పశువైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్ర విభాగాన్ని పునాదుల నుంచీ తనే కట్టుకొచ్చాడు.

అక్కడున్నప్పుడే ఆయన్ని ఒక ప్రశ్న పట్టుకుంది. ఆయన తండ్రి ఒక చిన్న కారు ప్రమాదం తర్వాత గుండెపోటు వచ్చి పోయాడు. దెబ్బ పెద్దది కాదు, మరి గుండె ఎందుకు ఆగింది? భయం, ఆందోళన కలిగినప్పుడు ఒంట్లో ఎడ్రినలిన్ ఊరుతుంది. అది గుండెను తరుముతుంది. తరిమిన కొద్దీ గుండె కండరానికి ప్రాణవాయువు ఎక్కువ కావాలి. రక్తనాళాలు ఇరుకైనవాడికి అంత సరఫరా రాదు. అప్పుడే నొప్పి.

ఆ రోజుల్లో వైద్యులంతా సరఫరా పెంచే మందుల కోసమే చూస్తున్నారు. బ్లాక్ తిరగేసి ఆలోచించాడు. దీన్ని మా ఊరి భాషలో చెప్తాను. చెరువులో నీళ్లు సగమే ఉన్న ఏడు, తూము ఇంకాస్త ఎత్తమని లస్కరుతో తగువు పడేవాళ్లు కొందరు. ఈసారి వరి మాని ఆరుతడి పంట వేద్దామనేవాళ్లు కొందరు. బ్లాక్ రెండో రకం. నీళ్లు పెంచలేకపోతే అవసరం తగ్గిద్దామన్నాడు.

దారి ఒకటి అప్పటికే ఉంది. అమెరికాలో ఆల్‌క్విస్ట్ 1948లోనే, ఎడ్రినలిన్ పనిచేసే గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని రాశాడు. గుండెను తరిమేవి బీటా. ఎడ్రినలిన్ తాళంచెవి అనుకుంటే, ఆ తాళంలో దూరి కూర్చుని తిరగకుండా ఉండే ఉత్తుత్తి చెవి ఒకటి కావాలి. 1958లో బ్లాక్ ఐ.సి.ఐ. కంపెనీలో చేరి అది చేయడానికి పూనుకున్నాడు. మొదట వచ్చిన ప్రొనెథలాల్ రోగుల్లో పనిచేసింది. కానీ ఎలుకల్లో కంతులు పుట్టించింది. పక్కన పెట్టేశారు. తర్వాతది ప్రొప్రనలాల్. 1965లో ఇండెరాల్ పేరుతో బజారుకొచ్చింది. మా నాన్న మాత్ర దాని తర్వాతి తరం.

అది బజారుకొచ్చేలోపే ఆయన కంపెనీ మారి, గుండె వదిలి కడుపు పట్టుకున్నాడు. అలర్జీకి వాడే యాంటీహిస్టమిన్లు కడుపులో ఆమ్లాన్ని ఆపలేవు. అంటే హిస్టమిన్‌కి రెండో రకం తాళం ఉండాలన్నమాట! బ్యూరిమమైడ్ దాన్ని నిజమని తేల్చింది గానీ నోటి ద్వారా సరిగా ఒంటపట్టలేదు. మెటియమైడ్ కొందరిలో తెల్లకణాలు తగ్గించింది. మూడోది సిమెటిడిన్, 1976లో వచ్చింది. అల్సరుకు కత్తి తప్ప గతి లేదనుకున్న వేలమంది మాత్రతో లేచి తిరిగారు. ఒక మనిషి ఒకే పద్ధతితో రెండు జబ్బుల దారి మార్చడం నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా తోచింది.

పదవుల సంగతి క్లుప్తంగా. 1973లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫార్మకాలజీ ఆచార్యుడు, 1978లో ఆ కుర్చీ వదిలి వెల్‌కమ్ పరిశోధనశాల, 1984 నుంచి కింగ్స్ కాలేజీ. 1988లో నోబెల్ బహుమతి. ఆయనతో దాన్ని పంచుకున్నవారు గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్. ఆ హిచింగ్స్ హార్వర్డులో ఫిస్కే దగ్గరే పరిశోధన చేశాడు. మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు ఫాస్ఫరస్ మీద కృషి చేసిందీ ఆ ఫిస్కేతోనే. 1992 నుంచి 2006 దాకా బ్లాక్ డండీ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్. తను చదివేనాటికి డండీ కాలేజీ సెయింట్ ఆండ్రూస్‌లో భాగం, 1967లో విడివడింది. చదువుకున్న చోటికే పెద్దరికం చేయడానికి వెళ్లాడన్నమాట. 2010 మార్చి 22న కన్నుమూశాడు.

ఇదంతా ఎందుకు ఇంత శ్రద్ధగా చదివానో చెప్పాలి. పోయినేడు మాసూళ్లప్పుడు నాన్న మాత్ర మానేశాడు. ‘ఇది ఏసుకుంటే ఒంట్లో సత్తువ లాగేసినట్టుందిరా’ అని. నాలుగో రోజు కళ్లంలో ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. ఆస్పత్రిలో డాక్టరుగారు నొప్పికన్నా ముందు మానేసినందుకు కేకలేశారు. ఈ మందు ఒక్కసారిగా ఆపకూడదు. చాలాకాలం మూసుంచిన తాళాలకు బదులు గుండె కొత్తవి పెంచుకుంటుంది. మందు తీసేయగానే ఎడ్రినలిన్ వాటన్నిటి మీదా పడుతుంది. మానాల్సి వస్తే డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకురావాలి. నేను కెమిస్ట్రీ విద్యార్థినై ఉండీ ఆ సంగతి ముందే చెప్పలేకపోయాను.

సెలవులకు వెళ్లినప్పుడు ఈ కథంతా అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. ఆరుతడి దగ్గర నవ్వాడు. అంతా విని, ‘అయితే వాళ్ల నాయనకి ఈ బిళ్ల అందలేదన్నమాట’ అన్నాడు. లేదన్నాను. ఇంకేం మాట్లాడకుండా జేబులోంచి అట్ట తీసి, అమ్మని మంచినీళ్లు తెమ్మన్నాడు. ధాన్యం బస్తాలు ఎత్తడం మాత్రం ఇంకా మాన్పించలేకపోతున్నాను.