బాల్సమిక్ వెనిగర్ – ఏ పథ్యానికి ఎంత?

విద్యార్థులారా! వెనిగర్ అనగానే మనకు పులుపే గుర్తుకు వస్తుంది. కాని ఇటలీలోని మోడెనా, రెజ్జో ఎమీలియా ప్రాంతాలలో తయారయ్యే బాల్సమిక్ వెనిగర్ పుల్లగానూ, తియ్యగానూ కూడా ఉంటుంది. ఈ తీపి ఎక్కడిది? పథ్యం చేసేవారు దీనిని వాడవచ్చునా? మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే రెండవ దానికి జవాబు మీరే చెప్పగలరు.

మామూలు వెనిగర్ తయారీలో రెండు మెట్లున్నాయి. మొదట ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. తరువాత కొన్ని బాక్టీరియాలు గాలిలోని ఆక్సిజన్ సహాయంతో ఆ ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. చివరకు చక్కెర దాదాపు మిగలదు.

బాల్సమిక్ తీరు వేరు. ద్రాక్షరసాన్ని మూతలేని పాత్రలలో గంటల తరబడి కాస్తారు. నీరు ఆవిరై, రసం బెల్లం పాకంలా చిక్కబడుతుంది. సంప్రదాయ రకంలో ఈ రసమే పులిసి, వేర్వేరు కలపతో చేసిన పీపాలలో కనీసం 12 ఏళ్లు మాగుతుంది. చక్కెరలో కొంత ఆమ్లంగా మారుతుంది, చాలా భాగం మిగిలిపోతుంది. చవకగా దొరికే మోడెనా రకంలో చిక్కని ద్రాక్షరసానికి వైన్ వెనిగర్ కలుపుతారు. దీనిని కనీసం 60 రోజులు ఉంచితే చాలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ చవక రకం ఒక పెద్ద చెంచాడు సుమారు 16 గ్రాములు. అందులో పిండిపదార్థాలు సుమారు 2.7 గ్రాములు. వాటిలో ఎక్కువ భాగం చక్కెరే. గ్రాముకు 4 కిలో కేలరీల చొప్పున దాదాపు 11 వస్తాయి. నూటికి 6 వంతులున్న ఆమ్లం మరో 3 ఇస్తుంది. మొత్తం 14.

ఈ అంకెలతో ఒక్కొక్క పథ్యాన్ని పరిశీలించండి.

ఉప్పు తగ్గించవలసిన వారికి: చెంచాడు వెనిగర్‌లో సోడియం 4 మిల్లీగ్రాములే. అదే చెంచాడు సోయా సాస్‌లో సుమారు 900! ఉప్పు తగ్గినా రుచి తగ్గకుండా పులుపు ఆదుకుంటుంది.

కీటోజెనిక్ పథ్యంలో: రోజుకు పిండిపదార్థాలు 20 నుంచి 50 గ్రాములకు మించరాదు. ఒక చెంచాడుకు ఇబ్బంది లేదు. నాలుగు చెంచాలు పోస్తే 11 గ్రాములు; 20 గ్రాముల హద్దులో సగానికి పైగా అయిపోయినట్లే. 'గ్లేజ్' పేరుతో అమ్మే చిక్కని పాకంలో చక్కెర ఇంకా ఎక్కువ.

గ్లూటెన్ పడనివారికి: ఇది ద్రాక్షతో చేసినది, గోధుమ, బార్లీలతో కాదు. బార్లీతో చేసే మాల్ట్ వెనిగర్ వీరికి పనికిరాదు.

మధ్యధరా ప్రాంతపు ఆహారంలో: కూరగాయ ముక్కలపై ఆలివ్ నూనెతో కలిపి చల్లుతారు. ఇక్కడ శక్తి అంతా నూనెదే. ఒక పెద్ద చెంచాడు నూనెలో సుమారు 120 కిలో కేలరీలు ఉంటాయి.

చూశారా! వస్తువు ఒక్కటే. మంచిదా, చెడ్డదా అనేది దాని పేరు చెప్పదు; ఎవరికి, ఎంత అనే లెక్కే చెబుతుంది. అందుకే ప్రకటనలను నమ్మేముందు సీసా మీది చీటీ చదవండి.

ఒక హెచ్చరిక. సన్నబడతామని వెనిగర్‌ను ఉత్తగా తాగకండి. ఆమ్లం పంటి మీది ఎనామిల్‌ను అరగదీస్తుంది. మీది ఎదిగే వయసు. వైద్యుని సలహా లేకుండా అన్నం మానిపించే పథ్యాల జోలికి పోకండి.

మీరే చేయండి: మూడు చెంచాల ఆలివ్ నూనె, ఒక చెంచాడు బాల్సమిక్ వెనిగర్ కలిపారు. మొత్తం కేలరీలలో వెనిగర్ వాటా నూటికి ఎంత?

(జవాబు: 374లో 14; నూటికి నాలుగు కన్నా తక్కువే.)