ట్రాక్టరు వెనుక ట్రాలీ: రాష్ట్రపు సరిహద్దు దాటువారికి ఒక పాఠము



పూర్వము మన తాలూకాలలో బండి కట్టినవాడు ఎద్దుల సత్తువను, ఇరుసు కందెనను, దారిలోని నీటి వసతిని మాత్రము చూచుకొని బయలుదేరెడివాడు. నేడు ఎద్దులకు మారుగా ట్రాక్టరును, బండికి మారుగా ట్రాలీయును వచ్చినవి. వీనికి మేత యక్కఱలేదు గాని పత్రములు కావలెను. పత్రములు లేని బండి దారిలో నిలిచిపోవుట యొక నష్టము. ప్రమాదము సంభవించినచో యజమాని తన పొలమమ్మి పరిహారము చెల్లింపవలసి వచ్చుట అంతకంటె పెద్ద నష్టము. కావున ఈ నెల పాఠమునకు ఈ విషయమును గైకొంటిమి.

1. సరిహద్దు ఎచ్చట నున్నది?

రాచర్ల, గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములు 1970 వఱకు కర్నూలు జిల్లాలోనివి. 1956 మొదలుకొని 2014 వఱకు మనము దోర్నాల, శ్రీశైలముల మీదుగా కృష్ణ దాటి మహబూబునగరు చేరినను ఒకే రాష్ట్రములో నుంటిమి. 2014 జూన్ 2వ తేదీన తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిమ్మట కృష్ణయే యచ్చట సరిహద్దైనది. పడమటగా కర్నూలు మీదుగా రాయచూరునకు, ఆదోని మీదుగా బళ్లారికి పోవువారు కర్ణాటకమున బ్రవేశింతురు. పొలము పనులకు ట్రాక్టరు తోలుకొని పోవువారును, పాత ట్రాలీ కొనితెచ్చువారును, కంభము చెరువు నుండి పడవను ట్రాలీపై నెక్కించి ఆవలి యొడ్డునకు జేర్పదలచు మత్స్యకారులును ఈ పాఠమును శ్రద్ధతో చదువవలెను.

2. ట్రాలీకి వేఱు నంబరు

ట్రాలీకి ఇంజను లేదు గనుక దానికి రిజిస్ట్రేషను అక్కఱలేదని పలువురు తలంతురు. ఇది పొరపాటు. 1989 జులై 1 నుండి అమలునందున్న 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము ట్రెయిలరును మోటారు వాహనమే. మన మనెడి ట్రాలీ ఈ ట్రెయిలరే. అందుచే దానికి ప్రత్యేకముగ రిజిస్ట్రేషను చేయింపవలెను. 61వ సెక్షను ప్రకారము ట్రాలీ నంబరు ట్రాలీ ప్రక్కన కనబడవలెను. లాగెడి ట్రాక్టరు నంబరు ట్రాలీ వెనుక కనబడవలెను. రెండు ట్రాలీలు తగిలించినచో కడపటి దాని వెనుక వ్రాయవలెను. ఇంగ్లండులో చిన్న ట్రెయిలరులకు వేఱు రిజిస్ట్రేషను లేదు. లాగెడి బండి నంబరు వెనుక నున్న చాలును. మనకు రెండును వలయును.

రిజిస్ట్రేషను లేని బండిని రోడ్డుపై నడిపిన యెడల మొదటి తప్పునకు 5,000 రూపాయల వఱకు జరిమానా కలదు. తిరిగి పట్టుబడినచో 10,000 వఱకు జరిమానాయో, ఏడాది వఱకు ఖైదో విధింపవచ్చును.

3. పరరాష్ట్రమున మన రిజిస్ట్రేషను చెల్లునా?

చెల్లును. ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండిని వేఱొక రాష్ట్రమున మరల రిజిస్టరు చేయింప నక్కఱలేదని 46వ సెక్షను స్పష్టముగ జెప్పుచున్నది. రాచర్ల ట్రాక్టరు మాఘమున రాయచూరు పోయి చైత్రమున తిరిగివచ్చినచో దాని నంబరు మార్చవలసిన పనిలేదు.

అయితే ఈ సౌకర్యమునకు గడువు గలదు. బండిని పరరాష్ట్రమున 12 నెలలకు మించి యుంచిన యెడల 47వ సెక్షను ప్రకారము అచ్చటి అధికారివద్ద క్రొత్త నంబరు పొందవలెను. అందులకు ముందుగా మన రవాణా కార్యాలయమునుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొనవలెను. దీనినే ఎన్.ఓ.సి. యందురు, దరఖాస్తు ఫారము 28. పన్ను బాకీ యున్నచో ఈ పత్రము రాదు.

పన్ను సంగతి వేఱు. రిజిస్ట్రేషను దేశమంతటను చెల్లినను, వాహన పన్ను విధించు నధికారము రాష్ట్రములది. ఒక చోట మినహాయింపు కలదని వేఱొక చోట నుండునని తలపరాదు. దీర్ఘకాలము నిలుచువారు ఆ రాష్ట్రపు రవాణా కార్యాలయమున ముందుగా విచారించి, చెల్లించిన రసీదును భద్రపఱచుకొనవలెను.

4. అప్పుపై కొన్న బండి

సంఘము లేక బ్యాంకు ఋణముతో కొన్న బండి రిజిస్ట్రేషను పత్రముపై ఋణదాత పేరు వ్రాయబడి యుండును. అట్టి బండిని ఇతరులకు బదిలీ చేయుటకును, పరరాష్ట్రమున క్రొత్త నంబరు పొందుటకును ఋణదాత సమ్మతి యవసరము. అప్పు తీరినంత మాత్రమున ఆ పేరు దానంతటది తొలగదు. సంఘమునుండి పత్రము గైకొని రవాణా కార్యాలయమున ఆ పేరును కొట్టివేయించుకొనవలెను. అప్పు తీర్చి పత్రము మఱచినవారు బండి అమ్మునాడు చిక్కులపాలగుదురు.

5. పాత ట్రాలీ కొనునపుడు

వెల తక్కువని పరరాష్ట్రపు ట్రాలీ కొనువారు మొదట చేయవలసిన పని, ఛాసిసుపై చెక్కిన నంబరును పత్రములోని నంబరుతో పోల్చిచూచుట. నంబరు పలక యందలి యక్షరములను చూచి భ్రమపడరాదు. తెలంగాణలో 2014కు పూర్వపు బండ్లకు ఏ.పి. యనియు, అటుపిమ్మట టి.ఎస్. అనియు, 2024 మార్చి నుండి రిజిస్టరైన వానికి టి.జి. అనియు ఉండును. కావున ఏ.పి. యన్న యక్షరములున్నంత మాత్రమున అది మన రాష్ట్రపు బండి కానక్కఱలేదు.

అమ్మినవాడు ఆ రాష్ట్రపు నిరభ్యంతర పత్రము నీయవలెను. కొన్నవాడు 30 దినములలో తాను నివసించు ప్రాంతపు రవాణా కార్యాలయమునకు బదిలీ సంగతి తెలుపవలెను. బదిలీకి ఫారములు 29, 30.

అమ్మినవానికిని ఒక హెచ్చరిక. పత్రముపై ఎవని పేరున్నదో వాడే యజమాని యనియు, ప్రమాద పరిహారమునకు వాడే బాధ్యుడనియు 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. తెల్లకాగితముపై వ్రాసికొని సొమ్ము పుచ్చుకొని ఊరకున్నచో, బండి చేతులు మారినను బాధ్యత మాఱదు.

6. సొంత పంటయా, బాడుగయా?

1989 నాటి కేంద్ర నియమముల ప్రకారము వ్యవసాయ ట్రాక్టరు రవాణా వాహనము కాదు. ట్రాక్టరు లైసెన్సు గలవాడు ట్రాలీ తగిలించినంత మాత్రమున లైసెన్సు లేనివాడు కాడని 2001లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఇది మనకు మేలైన తీర్పు.

కాని అదే ట్రాలీతో మార్కాపురపు పలకలనో, ఇసుకనో, ఇటుకలనో బాడుగకు తోలినచో అది సేద్యపు పని కానేరదు. బాడుగ తోలకమునకు పర్మిటు, దానికి తగిన బీమా కావలెను. ఒక రాష్ట్రపు పర్మిటు సాధారణముగ వేఱొక రాష్ట్రమున నేరుగా చెల్లదు. సేద్యమునకని బీమా చేయించి బాడుగకు తోలువాడు, కంచె లేని చేనిలో కళ్లము చేసినవానివంటివాడు.

7. ట్రాలీలో మనుష్యులను ఎక్కింపరాదు

ట్రాలీ సరకులకు ఏర్పడినది. నాట్లకు, కోతలకు పోవు కూలీలను అందులో నిలువబెట్టి తీసికొనిపోవు అలవాటు ఎంత పాతదైనను విడువదగినది. ట్రాక్టరుకు బీమా చేయించి ట్రాలీకి మానిన యొకని సంగతి 2007లో సుప్రీంకోర్టు వఱకు పోయినది. ట్రాలీనుండి పడి గాయపడిన కూలీకి బీమా కంపెనీ చట్టరీత్యా బాధ్యురాలు కాదని కోర్టు నిర్ణయించినది. అతడు బీదవాడగుటచే కంపెనీ ముందుగా సొమ్మిచ్చి, పిమ్మట యజమాని వద్ద రాబట్టుకొనవలెనని యాజ్ఞాపించినది. అనగా కడకు ఆ భారము యజమాని నెత్తిననే పడినది. కావున ట్రాక్టరుకును ట్రాలీకిని బీమా చేయింపుడు. కూలీలను బస్సులోనో ఆటోలోనో పంపుడు. పోయిన ప్రాణమును ఏ బీమాయును తిరిగి తేజాలదు.

8. దారిలో జాగ్రత్తలు

గిద్దలూరు నుండి నంద్యాలకు నల్లమల కనుమ దాటవలెను. బరువు ట్రాలీ పల్లమున ట్రాక్టరును ముందునకు నెట్టును. కనుమ దిగుటకు ముందే చిన్న గేరు వేసికొనవలెను. న్యూట్రలులో దిగుట ప్రాణాంతకము. పత్రములో వ్రాసిన బరువునకు మించి ఎత్తరాదు. ట్రాలీ వెనుక ఎఱ్ఱని ప్రతిఫలక పట్టీలు అంటింపవలెను. రాత్రివేళ దీపము లేని ట్రాలీని వెనుకవచ్చు బస్సు డ్రైవరు కడనిమిషము వఱకు కానలేడు.

పడవ నెక్కించువారు దానిని ముందు, నడుమ, వెనుక మూడు చోట్ల కట్టి, పది మైళ్లు పోయిన పిమ్మట త్రాళ్లను మరల బిగింపవలెను. ట్రాలీ పత్రము పడవకు చెల్లదు. ఇంజను గల పడవల రిజిస్ట్రేషనుకు 2021 నాటి లోతట్టు నౌకల చట్టము వేఱుగ నున్నది.

9. బయలుదేరుటకు ముందు

ఈ క్రింది వానిని ఇంటివద్దనే సరిచూచుకొనుడు: ట్రాక్టరు పత్రము, ట్రాలీ పత్రము, రెండింటి బీమా, డ్రైవరు లైసెన్సు, పన్ను రసీదు, బాడుగ యైనచో పర్మిటు. వీనిని డిజిలాకరులో జూపినను చెల్లును. అయినను అడవిదారిలో ఫోను పనిచేయదు గనుక కాగితపు ప్రతులను తడియని సంచిలో నుంచుకొనుట మేలు.

సభ్యులు వచ్చే సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) మన గ్రామమున నంబరు లేని ట్రాలీలు ఎన్ని గలవు? (2) అప్పు తీరియు ఋణదాత పేరు తొలగింపనివారు ఎవరు? (3) అమ్మిన బండి ఇంకను తమ పేరుననే యున్నవారు ఎవరు?

ఈ మూటికి సమాధానములు వ్రాసికొని, సంఘ కార్యదర్శి ద్వారా అందఱును కలసి యొకనాడు రవాణా కార్యాలయమునకు పోయినచో, ఒక్కొక్కరు పలుమార్లు తిరుగు శ్రమ తప్పును. సహకారమనగా అప్పునందు మాత్రమే కాదు. ఇట్టి పనులయందును కూడియుండుటయే.