గన్నవరం దాటితే మన హక్కు ఎంత?
విదేశీ క్లినిక్కుల క్యాన్సర్ వైద్యంపై తరచూ అడిగే ప్రశ్నలు

బెజవాడ సూర్యారావుపేటలో ఏ ఆసుపత్రి మెట్ల మీద చూసినా ఒక బట్టల షాపు సంచి కనిపిస్తుంది. అందులో చీర ఉండదు. స్కాన్ ఫిల్ములు, రక్తపరీక్షల కాగితాలు, మూడు ఆసుపత్రుల చీటీలు, అడుగున ఎక్కడో నలిగిన బయాప్సీ రిపోర్టు ఉంటాయి. ఈమధ్య ఆ సంచుల్లోకి నున్నటి రంగుల బ్రోషరు ఒకటి వచ్చి చేరుతోంది. మంచుకొండల ముందు క్లినిక్కు, నవ్వుతున్న తెల్లకోటు మనిషి, కింద మాత్రం మన ఊరి వాట్సాప్ నంబరు. ఆ బ్రోషరు చేతపట్టుకుని జనం అడిగే ప్రశ్నలివి.

మా నాన్నగారికి నాలుగో స్టేజీ. ఇక్కడ ఇంక లాభం లేదన్నారు. మా బావగారు డల్లాస్ నుంచి ఫోన్ చేసి మెక్సికోలో ఏదో క్లినిక్కు ఉందంటున్నారు. తీసుకెళ్తే తప్పా?

చట్టం దృష్టిలో తప్పు కాదు. మతి సరిగా ఉన్న పెద్దమనిషి తన ఒంటికి ఏ వైద్యం కావాలో, ఏది వద్దో తానే చెప్పుకోవచ్చు. అయితే ఆ నిర్ణయం నాన్నగారిది. మీది కాదు, డల్లాస్‌ది అసలే కాదు. మన ఇళ్లలో చాలాచోట్ల రోగికి జబ్బు పేరే చెప్పరు. 'చిన్న గడ్డ' అంటారు. గడ్డ అని చెప్పి విమానం ఎక్కించి, అక్కడ ఇరవై పేజీల ఇంగ్లిష్ ఒప్పందం మీద వేలు పెట్టిన చోటల్లా సంతకం చేయిస్తే అది అంగీకారం ఎలా అవుతుంది? చికిత్స ఏమిటి, ప్రమాదం ఎంత, వేరే దారులేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పి తీసుకున్నదే అంగీకారమని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇంకో మాట. 'లాభం లేదు' అన్నప్పుడు జబ్బు పూర్తిగా నయం కాదన్నారా, చేయడానికి ఇంక ఏ వైద్యమూ లేదన్నారా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. రెండో అభిప్రాయం తీసుకునే హక్కు జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలోనే ఉంది. మీ డాక్టరు నొచ్చుకుంటారని మొహమాటపడకండి. మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్‌లోని నాట్కో క్యాన్సర్ కేంద్రం, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి, హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఊరు కదలలేకపోతే టాటా మెమోరియల్, నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ తరఫున నడిచే 'నవ్య' సేవ ద్వారా రిపోర్టులు పంపి రాతపూర్వకంగా అభిప్రాయం తెప్పించుకోవచ్చు. మెక్సికో టికెట్టు ముందు ఇది చేయండి.

జర్మనీ క్లినిక్కు అండీ, మెక్సికో కాదు. అక్కడి ప్రభుత్వం ఊరుకుంటుందా?

అక్కడ 'హైల్‌ప్రాక్టికర్' అని ఒక తరగతి ఉంది. వైద్య పట్టా అక్కర్లేదు. ఆరోగ్య శాఖ పెట్టే పరీక్ష గట్టెక్కితే బోర్డు కట్టుకుని వైద్యం చేయవచ్చు. 1939 నాటి చట్టం అది. డచ్ సరిహద్దుకు దగ్గర్లోని బ్రూగెన్ బ్రాఖ్ట్ అనే ఊళ్లో అలాంటి ఒకాయన క్యాన్సర్ క్లినిక్కు నడిపాడు. మందుగా ఎక్కడా ఆమోదం లేని 3-బ్రోమోపైరువేట్ అనే రసాయనాన్ని సెలైన్‌లో ఎక్కించాడు. 2016 వేసవిలో నెదర్లాండ్స్, బెల్జియంల నుంచి వచ్చిన ముగ్గురు రోగులు రోజుల తేడాలో చనిపోయారు. 2019లో క్రేఫెల్డ్ కోర్టు నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణాలని తేల్చి రెండేళ్ల శిక్ష వేసింది, అదీ అమలు నిలిపివేసి. ఆయన జైలుకు పోలేదు.

మెక్సికో కథ ఇంకా పాతది. హాలీవుడ్ నటుడు స్టీవ్ మెక్‌క్వీన్ 1980లో అక్కడే లేట్రిల్ వగైరా వైద్యాలు చేయించుకుని, అదే ఏడాది నవంబరులో మెక్సికోలోనే కన్నుమూశాడు. లేట్రిల్ అంటే ఆప్రికాట్ గింజల్లో ఉండే పదార్థం నుంచి చేసింది. 1982లో అమెరికాలో మేయో క్లినిక్ నేతృత్వంలో 178 మంది మీద దాన్ని పరీక్షించి చూశారు. జబ్బు తగ్గింది లేదు, ఆయుష్షు పెరిగింది లేదు, కొందరి రక్తంలో మాత్రం సయనైడ్ ప్రమాదకర స్థాయికి చేరింది. నలభై ఏళ్లు దాటినా ఆ మందును ఇంకా 'విటమిన్ బి-17' అని అమ్ముతున్నారు. అది విటమినే కాదు.

వాళ్లు చేసేది ఇమ్యునోథెరపీ, స్టెమ్‌సెల్ అంటున్నారు. అవి ఇక్కడ పెద్ద ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు కదా?

తిరకాసంతా ఇక్కడే. పేరు ఒకటే, సరుకు వేరు. టాటా మెమోరియల్, ఐఐటీ బాంబే కలిసి అభివృద్ధి చేసిన నెక్స్‌కార్19 కూడా ఇమ్యునోథెరపీయే. దానికి 2023 అక్టోబరులో మన ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది, కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు మాత్రమే. బ్రోషరులోది ఊపిరితిత్తులకూ అదే, పాంక్రియాస్‌కూ అదే, రొమ్ముకూ అదే అయితే ఆలోచించండి. స్టెమ్‌సెల్ సంగతీ అంతే. రక్త జబ్బులకు ఎముక మజ్జ మార్పిడి స్థిరపడిన వైద్యం. ఆమోదించిన అలాంటి అవసరాలు తప్పించి, స్టెమ్‌సెల్స్‌ను మామూలు చికిత్సగా డబ్బులకు ఇవ్వకూడదని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది.

మంచి మందో కాదో మాలాంటివాళ్లకు ఎలా తెలుస్తుంది? మేం డాక్టర్లం కాదు కదా.

ఒక్క ప్రశ్న చాలు: 'ఎంతమందికి ఇచ్చారు, అందులో ఎంతమందికి పనిచేసింది, పనిచేసినవాళ్లు ఎన్నాళ్లు బతికారు?' వీడియోలో కనిపించే ఒక్క మనిషి కాదు, కనిపించని మిగతావాళ్ల లెక్క కావాలి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఉండగా ఆయన బృందం ఎమినోప్టెరిన్ తయారుచేసింది. బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితం ప్రకటించాడు. పదహారు మందికి ఇస్తే పది మందిలో గుణం కనిపించిందని రాశాడు. ఆ వ్యాసం పేరులోనే ఆ ఉపశమనం 'తాత్కాలికం' అని ఉంది. అప్పటికి అది ప్రపంచం చూడని అద్భుతం. అయినా ఆరుగురి సంగతి దాచలేదు, పదిమందిలో వచ్చిన గుణం నిలవలేదన్నదీ దాచలేదు. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ ఈరోజుకీ మన వార్డుల్లో వాడుకలో ఉంది. మరి మీ చేతిలో ఉన్న బ్రోషరు ఎక్కడైనా 'తాత్కాలికం' అంటోందా?

(సుబ్బారావు అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠం చెప్పినవాడే. కాబట్టి ఇది ఇంగ్లిష్ మందుకూ దేశీ మందుకూ మధ్య తగవు కాదు.)

ఇది ట్రయల్ అంటున్నారు. పద్దెనిమిది లక్షలు కట్టమంటున్నారు.

మన దేశంలో పరిశోధన కోసం అయ్యే ఖర్చును రోగి నెత్తిన పెట్టకూడదని ఐసీఎంఆర్ 2017 నైతిక మార్గదర్శకాలు చెబుతాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు చెబుతాయి. ట్రయల్ మొదలుపెట్టే ముందే సీటీఆర్ఐ అనే బహిరంగ రిజిస్టరులో నమోదు కావాలి. విదేశాలకూ ఇలాంటి రిజిస్టర్లున్నాయి. నంబరు అడగండి. నంబరు ఉంటే అంతా సవ్యమని కాదు, లేకపోతే మాత్రం మాట్లాడే పనే లేదు.

ఇలా ప్రకటనలు ఇవ్వడం నేరం కాదా?

నేరమే. డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం 1954 నుంచి ఉంది. మందుతో నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల పట్టికలో క్యాన్సర్ ఉంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ప్రకటన అంటే అచ్చుకాగితమే కాదు. నోటిమాటా, వెలుగుతోనో శబ్దంతోనో పొగతోనో చేసే ప్రచారమూ అందులోకి వస్తాయి. 1954లో పొగ గురించి ఆలోచించిన పెద్దలు యూట్యూబ్‌ను ఊహించకపోయినా, నిర్వచనంలో దానికీ చోటు ఉంచారు. ఆరో సెక్షను ఇంకా ముచ్చటైనది: ఇలాంటి ప్రకటన పత్రాలను బయటి దేశం నుంచి తేవడమే నిషేధం. ఫిర్యాదు రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖకు ఇవ్వండి. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ పది లక్షల దాకా జరిమానా వేయగలదు, ప్రచారం చేసిపెట్టిన ప్రముఖుడికి కూడా. చట్టం ఉంది, అమలే నీరసం. ఫిర్యాదులు రాసేవాళ్లూ తక్కువే.

ఆసుపత్రివాళ్లు రికార్డులు ఇవ్వడానికి తిప్పుతున్నారు.

అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నీతి నియమావళిలోనే ఉంది. నోటితో అడగకండి. తెల్లకాగితం మీద రాసి, నకలు మీద ముద్ర వేయించుకోండి. రిపోర్టులతో ఊరుకోకుండా స్లైడ్లు, పారఫిన్ బ్లాకులు కూడా అడగాలి. బ్లాకు అంటే వేలెడంత ప్లాస్టిక్ డబ్బీ. అందులో తెల్లటి మైనం, మైనంలో బియ్యపు గింజంత లేతరంగు ముక్క. మీ నాన్నగారి జబ్బు గురించి ఏ బ్రోషరు కన్నా ఎక్కువ తెలిసింది ఆ గింజకే. ఎక్కడ రెండో అభిప్రాయం అడిగినా ముందు దాన్నే అడుగుతారు. ఎండలో కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, మే నెల బెజవాడలో మైనం సంగతి చెప్పాలా?

డబ్బు ఎలా పంపాలి? బీమా ఇస్తుందా?

రిజర్వు బ్యాంకు ఎల్ఆర్ఎస్ పథకం కింద ఏడాదికి మనిషికి 2,50,000 డాలర్ల దాకా బ్యాంకు ద్వారా పంపవచ్చు. వైద్యానికి అంతకు మించి కావాలంటే డాక్టరు అంచనా పత్రం చూపాలి. ఒక హద్దు దాటితే టీసీఎస్ (బ్యాంకు ముందుగానే వసూలు చేసే పన్ను) పడుతుంది, రిటర్నులో సర్దుకోవచ్చు. పంపినది బ్యాంకు ద్వారానే పంపండి. ఏజెంటు చేతికి నగదు ఇచ్చి 'కన్సల్టెన్సీ' అని రాసిన చిత్తుకాగితం తెచ్చుకుంటే రేపు మీ దగ్గర ఏ ఆధారమూ ఉండదు.

బీమా మీద ఆశ పెట్టుకోకండి. పాలసీలో 'ఎక్స్‌క్లూజన్ 16' వెతకండి. రుజువు కాని చికిత్సలకు చెల్లించబోమని అన్ని కంపెనీలూ ఒకే మాటల్లో రాసే నిబంధన అది. పైగా మామూలు పాలసీ దేశం దాటదు. రాష్ట్ర ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రుల్లోనే చెల్లుతుంది. అందులో క్యాన్సర్ శస్త్రచికిత్స, కీమో, రేడియేషన్ ఉన్నాయి, 104కు ఫోన్ చేసి అడగవచ్చు. కార్డు బీరువాలో పెట్టి, కంకిపాడు పక్కన కాలవగట్టు పొలానికి బేరం పెట్టిన ఇళ్లు నేను చూశాను.

మోసపోయామని తర్వాత తెలిస్తే?

ఎవరి మీద కేసు అన్నదే ప్రశ్న. విదేశీ క్లినిక్కు ఒప్పందంలో తగాదాలన్నీ వాళ్ల దేశపు కోర్టులోనే అని ఒక గీత ఉంటుంది. ఇక్కడ గెలిచినా అక్కడ అమలు చేయించడం తలకు మించిన పని. మీ హక్కుల్లో సగం గన్నవరం విమానాశ్రయంలో చెకిన్ దగ్గరే దిగిపోతాయి. అందుకే ఇక్కడ డబ్బు తీసుకున్న ఏజెంటు ముఖ్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయవచ్చు. విజయవాడలో, మచిలీపట్నంలో జిల్లా వినియోగదారుల కమిషన్లున్నాయి. కట్టిన సొమ్ము 50 లక్షల దాకా అయితే అక్కడికే, ఐదు లక్షల దాకా రుసుమే లేదు. గడువు రెండేళ్లు. సలహాకు 1915కు ఫోన్ చేయండి. మోసమని తేలితే పోలీసు కేసు దీనికి అదనం. ఏజెంటుతో మాట్లాడిన వాట్సాప్ సందేశాలు చెరపకండి, ముఖ్యంగా 'గ్యారంటీ' అన్న వాయిస్ మెసేజీ.

అక్కడి నుంచి మందు తెప్పించుకోవచ్చా?

సొంత వాడకానికి, డాక్టరు చీటీతో, ఫారం 12ఎ పెట్టుకుని 12బి అనుమతి తెచ్చుకుంటే కొద్ది మోతాదులో తేవచ్చు. ఆ అనుమతి మందు పనిచేస్తుందన్న హామీ కాదు. సూట్‌కేసులో బట్టల మధ్య సీసాలు పెట్టుకొస్తే కస్టమ్స్ పట్టుకోవచ్చు.

మరి పసుపు, వేపాకు, షిమోగా వైపు ఇచ్చే చెట్టు బెరడు? ఖర్చు లేదు కదా.

ఖర్చు రూపాయల్లో ఉండదు, వారాల్లో ఉంటుంది. 2024 నవంబరులో మాజీ క్రికెటర్ నవజ్యోత్ సిద్ధూ తన భార్య ఆహార నియమాలతో నాలుగో స్టేజీ నుంచి బయటపడిందని చెప్పినప్పుడు, టాటా మెమోరియల్‌కు చెందిన 262 మంది క్యాన్సర్ వైద్యులు అలాంటి మాటలు నమ్మి వైద్యం ఆపవద్దని ప్రకటన ఇచ్చారు. ఆమెకు శస్త్రచికిత్స, కీమో కూడా జరిగాయి. 2018లో యేల్ పరిశోధకులు అమెరికా రికార్డులు తిరగేశారు. ఇతర అవయవాలకు పాకని దశలోనే ప్రత్యామ్నాయ వైద్యం ఒక్కటే నమ్ముకున్న 281 మందిని, మామూలు వైద్యం చేయించుకున్నవారితో పోల్చారు. చనిపోయే ముప్పు రెండున్నర రెట్లు, రొమ్ము క్యాన్సర్‌లో ఐదు రెట్లు పైనే. అంటే ఎక్కువ నష్టం నయమయ్యే అవకాశం ఉన్నవాళ్లకే. కషాయం ఏదైనా తాగుతుంటే మీ డాక్టరుకు చెప్పండి. కసురుకుంటారని దాచడం వల్ల కీమోలో కాలేయం దెబ్బతింటే కారణం ఎవరికీ అర్థం కాదు.

నిజంగానే ఇంక చేసేది లేకపోతే?

నొప్పి తగ్గించమని అడిగే హక్కు ఉంది. మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక, గుర్తింపు ఉన్న వైద్య సంస్థలు మార్ఫిన్ నిల్వ ఉంచుకోవడం తేలికైంది. 'పాలియేటివ్ కేర్ (ఉపశమన వైద్యం) ఎక్కడుంది?' అని డాక్టరును నేరుగా అడగండి, చీటీ మీద రాయించుకోండి. నొప్పి తగ్గి రాత్రి నిద్రపట్టిన మనిషినే, పొద్దున్నే అడగాలి, మెక్సికోకు వెళ్దామా నాన్నా అని.