పిడుదులన్నియు ఒకటి కావు

పాడి రైతులారా! సంతలో మంచి సంకరజాతి ఆవును కొని తెచ్చుదురు. నెల తిరిగీ తిరగకముందే అది మేత మానును. ఒళ్ళు కాలిపోవును, పాలు పడిపోవును, పేడ గట్టిపడును, కనురెప్పల లోపలి భాగము పాలిపోయి క్రమముగా పచ్చబడును. ఇంటి పాత ఆవులకు మాత్రము ఏమియు కాదు. కొందరు దిష్టి అందురు. దిష్టి కాదు, పిడుదులు మోసుకొనివచ్చు అనాప్లాస్మా అను బాక్టీరియా చేయు పని ఇది. ఎర్ర రక్తకణములలో చేరి వాటిని నాశనము చేయించును. మూత్రము ఎర్రగా పోవుట ఈ జబ్బులో ఉండదు. అట్లు పోయినచో బబీసియా అను మరియొక పిడుదు జబ్బును అనుమానించవలెను.

పాత ఆవులు ఎట్లు తట్టుకొన్నవి? ఏడాదిలోపు దూడగా ఉండగనే సోకినచో జబ్బు తేలికగా పోవును. క్రిమి మాత్రము ఒంటిని వదలదు. దొంగ పూటకొక చొక్కా మార్చినట్లు తన పైపొరలోని మాంసకృత్తులను మార్చుకొనుచు ఏండ్ల తరబడి దాగియుండును. ఎన్నడును సోకని పెద్ద పశువు ఆ మందలో చేరినచో ప్రాణము మీదికి వచ్చును. పైగా ఈ బాక్టీరియాలో రకములు అనేకము. జన్యువులను పరీక్షించగా ప్రాంతమునకొక తీరున ఉన్నవి; ఒకే పశువులో రెండు రకములు ఉండుటయు కలదు. కనుక కొత్త ఆవు మీ మందకు కొత్త రకమును తేవచ్చును.

పిడుదుల సంగతియు ఇంతే. 1990 దశకమున ఆస్ట్రేలియాలోను, క్యూబాలోను పశువుల పిడుదుకు టీకా తయారైనది. అర్జెంటీనాలోని ఒక రకము పిడుదుపై అది పారలేదు! క్యూబా వారు ఆ పిడుదు మాంసకృత్తుతోనే మరియొక టీకా చేయవలసివచ్చెను. చూచుటకు రెండును ఒక్కటే పిడుదు.

మన దేశమున డెల్టామెత్రిన్‌కు చావని పిడుదులు పలుచోట్ల బయటపడినవి. జన్యువులో ఒక చిన్న మార్పు చాలును. మందు పలుచగా కలిపినచో బలహీనమైనవి చచ్చి, మొండివి మిగులును. నెత్తురు నిండిన ఒక్క ఆడ పిడుదు నేలరాలి 2,000కు పైగా గుడ్లు పెట్టును. పొరుగువాని మందు మీ కొట్టములో పనిచేయనప్పుడు కల్తీయే కారణమని తేల్చివేయరాదు. (కల్తీ లేదని నేను అనను.)

కొత్త పశువును నెల రోజులు వేరుగా కట్టవలెను. మగ పిడుదులు పక్క పశువు మీదికి ప్రాకి జబ్బు నంటించును. చెవుల లోపల, గంగడోలు, పొదుగు, తోక మొదలు వెదకవలెను. ఒకే సూదితో మందకంతకు ఇంజక్షన్లు వేయించరాదు. నెత్తురుతోను జబ్బు పాకును. జ్వరము కనబడిన నాడే పశువైద్యునిచే రక్తపరీక్ష చేయించినచో ఆక్సిటెట్రాసైక్లిన్‌తో నయమగును, ఆలస్యమైనచో కష్టము.

మందు కొట్టినను పిడుదులు చావనిచో మోతాదు పెంచకుడు. వాటిని సీసాలో వేసి పశువైద్యునకు చూపి, వేరు తరగతి మందు అడుగుడు. పైరుకు కొట్టు పురుగుమందును పశువు ఒంటికి పూయువారు ఇంకను ఉన్నారు. పిడుదు సంగతి ఎట్లున్నను, దానితో పశువే చావవచ్చును.