పశువుల పాక – పొరుగువాని గడప



పాఠ్యభాగములు: సంఖ్యాకాండము 35:1-7, నిర్గమకాండము 21:28-29

లేవీయులకు 48 పట్టణాలు ఇవ్వబడిన సంగతి మనకు తెలుసు. అయితే అదే అధ్యాయంలో మనం తరచుగా గమనించని విషయం ఒకటుంది. నివాసం పట్టణంలో, పశువులకు గోడ వెలుపల పొలం. ఆ పొలానికి మూరలలో కొలత కూడా చెప్పబడింది. పశువులు వద్దని దేవుడు అనలేదు, వాటికి తగిన చోటు నియమించాడు.

నేడు ఇళ్ళ మధ్య పశుపోషణకు మునిసిపాలిటీ, పంచాయతీ పెట్టే నియమాల ఉద్దేశం ఇదే. మనలో చాలా కుటుంబాలకు పిల్లల ఫీజు కట్టేది గేదె పాలే. కాబట్టి గేదెను అమ్మేయమని మేము చెప్పడం లేదు. కాని పాకకూ పడకకూ మధ్య దూరం లేకపోతే మొదట నష్టపోయేది మన ఇల్లే.

వచ్చే జబ్బులు

1. బ్రూసెల్లోసిస్: పచ్చి పాల వల్ల, ఈడ్చుకుపోయిన పశువు మాయను ఒట్టి చేతులతో తీయడం వల్ల వస్తుంది. జ్వరం వచ్చి పోతూ, చెమటలు, కీళ్ళ నొప్పులు నెలల తరబడి బాధిస్తాయి.

2. ఎలుక జ్వరం: ఎలుకల, పశువుల మూత్రం కలిసిన బురదలో కాలి పుండ్లతో నడిస్తే సోకుతుంది.

3. మెదడువాపు జ్వరం: దీని వైరస్ పందులలో పెరుగుతుంది, దోమ దానిని పిల్లలకు చేరుస్తుంది. అందుకే పందుల దొడ్డి ఇళ్ళకు దూరంగా ఉండాలి.

చట్టం ఏమంటుంది?

పాక కట్టే ముందే మునిసిపల్ కార్యాలయంలో గాని, పంచాయతీ కార్యదర్శిని గాని అడగండి. అనుమతి కావాలా, ఎన్ని పశువులు ఉండవచ్చు, పేడ ఎక్కడ వేయాలి అనేవి ఊరిని బట్టి మారుతాయి. రోడ్డున వదిలిన పశువును బందెలదొడ్డికి తోలవచ్చు.

పొడిచే ఎద్దని తెలిసీ కట్టివేయని యజమానిని మోషే ధర్మశాస్త్రం దోషిగా ఎంచింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కూడా, తన పశువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. 2009 నాటి చట్టం ప్రకారం దొమ్మ, బ్రూసెల్లోసిస్ వంటి అంటురోగం అనుమానం వస్తే పంచాయతీకి తెలపడం యజమాని బాధ్యత.

మనం చేయవలసినవి

• పాలు పొంగు వచ్చేదాకా కాచి త్రాగండి.
• పేడకుప్ప, మురుగు బావికి దూరంగా ఉండాలి.
• ఈనే పశువును తాకేటప్పుడు చేతి తొడుగులు వాడండి. గర్భిణీలు దగ్గరకు వెళ్ళకూడదు.
• 4 నుండి 8 నెలల పెయ్యదూడలకు ఒకేసారి వేసే బ్రూసెల్లా టీకాను పశువైద్యశాలలో వేయించండి.
• జ్వరంతో మా వద్దకు వచ్చినప్పుడు, ఇంట్లో పశువులున్నాయని డాక్టరుగారికి తప్పక చెప్పండి. ఆ ఒక్క మాట సరైన రక్తపరీక్షకు దారి చూపుతుంది.

ఆలోచించండి

మా పాక మురుగు ఎవరి గడప ముందు నిలుస్తోంది? పొరుగువారు చెప్పినప్పుడు కోపపడ్డామా, విన్నామా?

నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించమన్న ఆజ్ఞ మన పాక దగ్గర కూడా వర్తిస్తుంది. ప్రభువు మన కుటుంబాలను, మన మందలను కాపాడును గాక. ఆమేన్.