దయ్యాలకు క్వాంటం సాక్ష్యం చెబుతుందా?



మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు మన హాస్టల్ చివరి గదిలో దయ్యం ఉందని పుకారు పుట్టింది. రాత్రిపూట ఒంటికి వెళ్లాలన్నా నలుగురం కలిసి వెళ్లేవాళ్లం. మా బ్యాచ్‌లో ఒకడు "గుండెల మీద ఎవరో కూర్చున్నారు, అరుద్దామంటే నోరు రాలేదు" అని మూడు రాత్రులు ఏడ్చాడు. వాళ్ల నాయన వచ్చి ట్రంకుపెట్టెతో సహా తీసుకుపోయాడు. వాడు మళ్లీ బడి ముఖం చూడలేదు. ఆనాడు వాడికి చెప్పలేని మాట, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివాక ఇప్పుడు మీకు చెబుతున్నాము.

"దయ్యాలున్నాయని క్వాంటం ఫిజిక్సే ఒప్పుకుంది" అని కొందరు అంటుంటారు. వాళ్లు చూపే కారణాలు ముఖ్యంగా మూడు.

1. "ఎలక్ట్రాన్ గోడ దాటుతుంది కదా, ఆత్మ దాటదా?"
ఎలక్ట్రాన్ తన శక్తికి మించిన అడ్డును దాటగలదన్నది నిజమే. దీన్ని టన్నెలింగ్ అంటారు. కదిలే ప్రతి వస్తువుకూ తరంగదైర్ఘ్యం ఉంటుందని 1924లో డి బ్రోలీ చెప్పాడు. ప్లాంక్ స్థిరాంకాన్ని ద్రవ్యవేగంతో భాగిస్తే అది వస్తుంది. సెకనుకు ఒక మీటరు నడిచే 50 కిలోల మనిషికి లెక్క కట్టండి. దశాంశ బిందువు తర్వాత 34 సున్నాలు పెట్టి 13 వేయాలి, అన్ని మీటర్లు! పరమాణువు ముందు కూడా అది లెక్కలోకి రాదు. ఇక ఆకారమంతా గోడ దాటడం ఎక్కడిది?

2. "చనిపోయినవారితో మనకు ఎంటాంగిల్‌మెంట్ ఉంటుంది."
జంట కణాల మధ్య ఈ ముడి నిజమే. ఆ ప్రయోగాలకే 2022లో ఆస్పె, క్లాజర్, జైలింగర్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఆ ముడి ఒక్కదానితో ఒక్క అక్షరం కూడా పంపలేమని క్వాంటం సిద్ధాంతమే చెబుతుంది. పైగా వెచ్చని మెదడులో అలాంటి సున్నితమైన స్థితి, సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం కన్నా ముందే చెదిరిపోతుందని 2000లో టెగ్మార్క్ లెక్కగట్టాడు.

3. "చూసేవాడి మనసే వస్తువును పుట్టిస్తుంది."
ప్రయోగశాలలో పరిశీలన అంటే కణం పరికరానికి తగలడం. గదిలో మనిషి లేకపోయినా డిటెక్టర్ ఆ పని చేస్తుంది.

మరి మా మిత్రుడు అబద్ధమాడాడా? లేదు. కలలు వచ్చే నిద్రలో మన ఒళ్లు కదలకుండా మెదడు కండరాలను బిగువు లేకుండా చేస్తుంది. ఒక్కోసారి మెలకువ వచ్చినా ఆ పట్టు వెంటనే వదలదు. కళ్లు తెరిచే ఉంటాయి, కాలు చెయ్యి ఆడవు, కల ఇంకా నడుస్తుంటుంది. ఛాతీ బరువెక్కుతుంది, పక్కన ఎవరో నిలబడినట్టుంటుంది. దీన్ని నిద్ర పక్షవాతం అంటారు. కాసేపట్లో దానంతట అదే పోతుంది. నిద్ర చాలనివారికి, దిగులుతో ఉన్నవారికి, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ఇల్లు వదిలి కొత్తగా వచ్చిన పిల్లవాడికి ఇవన్నీ ఉంటాయి.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాళ్లం మేమే. వాడు ఉండి ఉంటే వాళ్లింట్లో వాడే మొదటివాడయ్యేవాడు.

కాబట్టి తమ్ముళ్లారా, రేపు ఏ చిన్నవాడైనా "దయ్యం" అని ఏడిస్తే నవ్వకండి, ఇంకో కథ కలపకండి. పక్కకు తిరిగి పడుకోమని చెప్పి, ఆ రాత్రి వాడి పక్కనే చాప వేసుకోండి. తెల్లవారాక ఈ పాఠం చదివి వినిపించండి. వాడి ట్రంకుపెట్టె మాత్రం హాస్టల్ గేటు దాటనివ్వకండి.